కరోనాని ఏ దేశం బాగా ఎదుర్కొంది? ఆ టైంలో అక్కడ ఉన్నవాళ్ళు చెప్పండి

లెక్కల_మాస్టారు · శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను. మా ఫైనలియర్ పిల్లలు ప్రాజెక్టుకి ఈ టాపిక్ తీసుకున్నారు. ఇంటర్నెట్లో ఒక టేబుల్ పట్టుకొచ్చి, పది లక్షల జనాభాకి ఇన్ని చావులు అని ర్యాంకులేసి, పైన న్యూజిలాండ్, కింద పెరూ, ఇంకేముంది సార్ అయిపోయింది అన్నారు. నాకది మింగుడు పడలేదు.

ఎందుకంటే 2019 అక్టోబర్లో, అంటే వూహాన్ పేరు మనమెవరం వినకముందే, గ్లోబల్ హెల్త్ సెక్యూరిటీ ఇండెక్స్ అని ఒకటి వచ్చింది. మహమ్మారి వస్తే ఏ దేశం ఎంత రెడీగా ఉందో అందులో లెక్కకట్టారు. అమెరికా 1, బ్రిటన్ 2, న్యూజిలాండ్ 35. తర్వాత అమెరికాలో చావులు 10 లక్షలు దాటాయి. ల్యాబులు, డాక్టర్లు, డబ్బు అన్నీ ఉన్న దేశానికి అలా ఎందుకయింది, 35లో ఉన్నది ఎలా గట్టెక్కింది అనేది ఏ టేబులూ చెప్పదు. అందుకే మనవాళ్ళని అడుగుతున్నా. గవర్నమెంటు మీకు ఏం చెప్పింది, ఏం ఇచ్చింది, చెప్పింది మీరు పాటించగలిగారా? పార్టీల గొడవ మాత్రం వద్దు దయచేసి.

ఆక్లాండ్_లలిత · శుక్రవారం రాత్రి 10:05

మాస్టారూ, నేను 2017 నుంచి ఇక్కడ న్యూజిలాండ్లోనే. 2020 మార్చి 19న బోర్డర్ మూసేశారు, 25 అర్ధరాత్రి నుంచి లెవెల్ 4, అంటే పూర్తి లాక్‌డౌన్. ఆ లాక్‌డౌన్ ప్రకటించిన రోజుకి దేశం మొత్తం మీద 102 కేసులు, చావు ఒక్కటి కూడా లేదు. అంత తక్కువున్నప్పుడే మూసేయడం మా ఆఫీసులో చాలామందికి అతి అనిపించింది కానీ ప్రైమ్ మినిస్టర్ జసిండా ఆర్డెర్న్ ముందే చెప్పింది, చేస్తే గట్టిగా చెయ్యాలి, తొందరగా చెయ్యాలి అని. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి ఆవిడ, హెల్త్ డైరెక్టర్ జనరల్ బ్లూమ్‌ఫీల్డ్ టీవీలో కూర్చుని ఆరోజు లెక్క చెప్పేవాళ్ళు, మా అత్తగారికి ఇంగ్లీషు అంతగా రాకపోయినా ఆ టైంకి టీవీ ముందు ఉండేవారు. జూన్ 8కి దేశంలో ఒక్క యాక్టివ్ కేసు లేదు, లెవెల్ 1కి వచ్చేశాం.

ఇంకో ముఖ్యమైన విషయం. మా ఆయన రెస్టారెంట్లో పని, అది మూతపడింది. ఫుల్‌టైం వాళ్ళకి వారానికి 585 డాలర్ల 80 సెంట్లు చొప్పున పన్నెండు వారాలది ఒకేసారి గవర్నమెంటు యజమానికి వేసింది, ఆయన మావారికి ఇచ్చాడు. దానికోసం ఎక్కడా లైన్లో నిలబడలేదు. అద్దెలు పెంచకూడదని కూడా రూల్ పెట్టారు.

ఓరుగల్లు_పోరడు · శుక్రవారం రాత్రి 10:31

అక్కా మీరు చెప్పింది మంచిగనే ఉంది గని న్యూజిలాండ్ అంటే 50 లక్షల మంది, చుట్టూ సముద్రం. ఒక్క హైదరాబాద్ల అంతకంటే ఎక్కువ మంది ఉన్నరు. దాంతోని మనల్ని పోలిస్తే ఎట్ల? మన దగ్గర ఒక్క రూంల ఐదుగురు పడుకుంటరు, డిస్టెన్స్ అంటే యాడికెళ్ళి వస్తది. ద్వీపం కాబట్టి గెలిచిన్రు, అంతే.

సియోల్_వాసు · శుక్రవారం రాత్రి 11:20

తమ్ముడూ, బ్రిటన్ కూడా ద్వీపమే కదా. వియత్నాంకి చైనాతో భూమ్మీద సరిహద్దు ఉంది, తొమ్మిదిన్నర కోట్ల జనం, 2020 మొత్తానికి అక్కడ చావులు 35. కాబట్టి సముద్రం ఒక్కటే కారణం అంటే ఒప్పుకోలేను.

నేను అప్పుడు కొరియాలో పోస్ట్‌డాక్. ఇక్కడ దేశం మొత్తానికి లాక్‌డౌన్ అసలు పెట్టలేదు. 2020 ఏప్రిల్ 15న ఎలక్షన్లు కూడా జరిపారు, చేతికి ప్లాస్టిక్ గ్లవుజులేసుకుని ఓటేశారు. దీని వెనక 2015 ఉంది. ఆ ఏడాది మెర్స్ అనే ఇంకో రకం కరోనా వైరస్ రోగం వచ్చి 186 మందికి సోకి 38 మంది పోయారు, ఆస్పత్రుల ఎమర్జెన్సీ వార్డుల్లోంచే పాకింది, ఏ ఆస్పత్రిలో ఉందో గవర్నమెంటు మొదట దాచిపెట్టింది, జనం మండిపడ్డారు. ఆ దెబ్బకి చట్టం మార్చారు: అంటురోగం ముంచుకొస్తే టెస్ట్ కిట్లకి అప్పటికప్పుడు పర్మిషన్ ఇవ్వొచ్చు, రోగి ఎక్కడెక్కడ తిరిగాడో బయటపెట్టి తీరాలి. 2020 జనవరి 27న సియోల్ రైల్వే స్టేషన్లో కిట్ల కంపెనీలని కూర్చోబెట్టి మాట్లాడారు, ఫిబ్రవరి 4కి మొదటి కిట్‌కి పర్మిషన్ వచ్చేసింది. తర్వాత డేగూలో చర్చి నుంచి వేలల్లో కేసులు వచ్చినప్పుడు కార్లో కూర్చునే టెస్ట్ చేయించుకునే సెంటర్లు పెట్టారంటే ఆ కిట్లు చేతిలో ఉండబట్టే.

క్వారంటైన్లో పెట్టినప్పుడు మా ఇంటి గుమ్మం ముందు వార్డు ఆఫీసువాళ్ళు ఒక అట్టపెట్టె పెట్టి వెళ్ళారు. వేడి చేసుకునే అన్నం ప్యాకెట్లు, రామ్యన్ నూడుల్స్, ఎండబెట్టిన సముద్రపు నాచు, డబ్బా ట్యూనా, మాస్కులు, థర్మామీటర్, శానిటైజర్, చెత్త వేయడానికి ఆరెంజ్ రంగు సంచులు. నేను శాకాహారిని, ట్యూనా పక్కింటివాళ్ళకిచ్చాను. రోజుకి రెండుసార్లు యాప్‌లో టెంపరేచర్ పెట్టాలి, పెట్టకపోతే ఫోన్ వచ్చేది. క్వారంటైన్ రూల్స్ తప్పకుండా పూర్తి చేస్తే ఒంటరి మనిషికి దాదాపు నాలుగున్నర లక్షల వాన్ ఇచ్చేవాళ్ళు, సెలవు జీతంతో ఉన్నవాళ్ళకి కాదు. పెద్ద డబ్బు కాదు కానీ బయటికెళ్ళి సంపాదించుకోవాల్సిన అవసరం తప్పుతుంది.

నచ్చనిది కూడా చెప్తా. ఫలానా వయసు మగమనిషి ఫలానా టైంకి ఫలానా షాపులో ఉన్నాడు అని ఏరియాలో అందరి ఫోన్లకీ మెసేజ్ వచ్చేది. పేరుండదు కానీ తెలిసినవాళ్ళు ఇట్టే కనిపెట్టేస్తారు. మేలో ఇతేవోన్ క్లబ్బుల కేసులప్పుడు దానివల్ల కొంతమంది భయపడి టెస్టుకే రాలేదు, అప్పుడు పేరు చెప్పకుండా టెస్ట్ చేయించుకోవచ్చు అని మార్చాల్సి వచ్చింది.

స్టాక్‌హోమ్_శ్రీధర్ · శనివారం ఉదయం 7:48

స్వీడన్ గురించి సగం తెలిసి మాట్లాడేవాళ్ళు ఎక్కువ కాబట్టి రాస్తున్నా. ఇక్కడ ఏమీ చెయ్యలేదు అన్నది అబద్ధం. 50 మందికి మించి గుమికూడకూడదు అన్నారు, హైస్కూల్ పైవాళ్ళకి, యూనివర్సిటీలకి ఆన్‌లైన్ చేశారు, 16 ఏళ్ళ లోపు పిల్లల బళ్ళు మాత్రం మూయలేదు. మా అమ్మాయి రెండో క్లాసు, వసంతం టర్మ్ మొత్తం స్కూలుకెళ్ళింది. ఇండియాలో మా అన్నయ్య కొడుకు అదే వయసు, దాదాపు రెండేళ్ళు ఫోన్లో పాఠాలు విన్నాడు, ఇప్పటికీ తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ఈ నష్టం మీ పిల్లల టేబుల్లో ఏ కాలంలో రాస్తారు మాస్టారూ?

టెగ్నెల్ అనే ఎపిడెమియాలజిస్ట్ పేరు మీరు వినే ఉంటారు. ఇది మారథాన్ లాంటిది, జనం ఎన్నాళ్ళు ఓర్చుకోగలరో అంతే అడగాలి అన్నట్టు నడిపారు. 2020 నుంచి 2022 మూడేళ్ళూ కలిపి అదనపు మరణాలు (అంటే మామూలుగా పోయేవాళ్ళ కంటే ఎంతమంది ఎక్కువ పోయారో) చూస్తే యూరప్‌లో తక్కువున్న దేశాల్లో స్వీడన్ ఒకటి.

లండన్_నర్సు · శనివారం ఉదయం 11:02

శ్రీధర్ గారూ, మూడేళ్ళు కలిపి చూపిస్తే మొదటి ఏడాది కనపడకుండా పోతుందండీ. 2020 ఆఖరికి స్వీడన్‌లో దాదాపు 9 వేల మంది పోయారు, నార్వేలో 500 లోపే, జనాభా తేడా చూస్తే రెండింతలే. పోయినవాళ్ళలో చాలామంది వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్ళు. మీ కరోనా కమిషనే ఆ డిసెంబర్లో రాసింది పెద్దవాళ్ళని కాపాడలేకపోయాం అని, మీ రాజుగారు కూడా విఫలమయ్యాం అన్నారు. వాక్సిన్ వచ్చేదాకా ఒక్క ఏడాది ఆపగలిగి ఉంటే బతికేవాళ్ళు వాళ్ళు.

నేను ఇక్కడ ఎన్‌హెచ్ఎస్‌లో, అంటే గవర్నమెంటు ఆస్పత్రిలో, మెడికల్ వార్డు. మా బ్రిటన్ ఏమీ గొప్పగా చేసిందని చెప్పట్లేదు. మార్చి 10 నుంచి 13 దాకా చెల్టెన్‌హామ్ గుర్రప్పందాలు జనంతో నిండిపోయి జరిగాయి, ఇటలీలో అప్పటికే దేశం మొత్తం మూతపడింది. లాక్‌డౌన్ 23న. బెడ్లు ఖాళీ చెయ్యాలని ముసలివాళ్ళని టెస్ట్ చెయ్యకుండానే కేర్ హోములకి పంపేశారు, అది చట్టవిరుద్ధం అని 2022లో హైకోర్టు చెప్పింది. ఆ ఏప్రిల్లో చూసినవి నేను ఇక్కడ రాయలేను.

అయితే ఒకటి మాత్రం గర్వంగా చెప్తా. రికవరీ ట్రయల్ అని, ఏ మందు పనిచేస్తుందో తేల్చే పరీక్ష, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు మొదలుపెట్టారు, మామూలు వార్డుల్లో మేము కూడా పేషెంట్లని అడిగి చేర్పించేవాళ్ళం, చాలా చిన్న ఫారం. జూన్ 16న రిజల్ట్ వచ్చింది: డెక్సామెథసోన్ ఇస్తే వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో చావులు మూడో వంతు తగ్గాయి. ఎక్కడైనా దొరికే చవక స్టెరాయిడ్ అది. ప్రపంచం మొత్తం వాడుకుంది.

స్టాక్‌హోమ్_శ్రీధర్ · శనివారం మధ్యాహ్నం 12:15

2020 గురించి నేను కాదనను సిస్టర్. కానీ అక్కడ తప్పు బళ్ళు తెరిచి ఉంచడంలో లేదు, వృద్ధాశ్రమాల్లో ఉంది. అక్కడ చాలామంది గంటల లెక్కన పనిచేసేవాళ్ళు. పనికెళ్తేనే జీతం, దగ్గొచ్చినా వెళ్తారు. మామూలు ఉద్యోగులకి మార్చి 11 నుంచి సిక్ లీవ్ మొదటి రోజు జీతం కోత కూడా ఎత్తేశారు, వీళ్ళలో చాలామందికి అది వర్తించదు. రోగాన్ని లోపలికి మోసుకెళ్ళింది ఆ సందే. జనంలో రోగం పాకడంతో పాటు ఈ గంటల పనివాళ్ళ సంగతి కూడా కమిషన్ రాసింది.

లండన్_నర్సు · శనివారం మధ్యాహ్నం 12:40

అదేనండీ నేను చెప్పబోయేది కూడా. 2020లో ఇక్కడ సిక్ పే చట్టప్రకారం వారానికి 95 పౌండ్ల 85 పెన్నీలు ఉండేది. లండన్‌లో అది ఒక రూం అద్దెకి కూడా చాలేది కాదు. కేర్ హోముల్లో పనిచేసే మన అమ్మాయిలు రెండు మూడు హోములు తిరిగేవాళ్ళు. ఇంకోపక్క టెస్ట్ అండ్ ట్రేస్‌కి, అంటే టెస్టులు చేసి సోకినవాళ్ళని వెతికే పథకానికి, రెండేళ్ళకి 3,700 కోట్ల పౌండ్ల బడ్జెట్ పెట్టారు. నీకు పాజిటివ్, ఇంట్లో ఉండు అని ఫోన్ చేసి చెప్పడానికి అంత డబ్బు, చెప్పిన తర్వాత ఆ మనిషి ఇంట్లో ఉండి ఏం తినాలి అన్నదానికి 500 పౌండ్లు, అదీ తక్కువ ఆదాయం వాళ్ళకి మాత్రమే, అదీ సెప్టెంబర్ ఆఖరుకి. పని ఆగి ఇంట్లో కూర్చున్న ఉద్యోగులకి ఫర్లో అనే పథకం కింద 80 శాతం జీతం ఇచ్చారు, అది నిజంగా మంచి పని. కానీ రోగం అంటించేది ఇంట్లో కూర్చున్న ఉద్యోగి కాదు కదా, బయటికెళ్ళక తప్పనివాడు.

సిక్కోలు_కెరటం · శనివారం మధ్యాహ్నం 2:18

అందరూ ఫారిన్ గురించి రాస్తున్నారు, మాది కూడా వేరే దేశం లాగే ఉండేది కాబట్టి రాస్తన్నాను. మాది శ్రీకాకుళం జిల్లా, సముద్రం పక్కన ఊరు. మావోళ్ళు వేటకి గుజరాత్ వెరావల్ పోతారు ఏటా, మా ఊళ్ళో మగాళ్ళు సగం మంది అక్కడే. లాక్‌డౌన్ అన్నారు, బోట్లు హార్బర్లో ఆపేశారు, దిగొద్దన్నారు. ఎక్కడుంటారు మరి, బోటులోనే. మా బావ ఫోన్ చేసేవాడు, చిన్న క్యాబిన్లో ఏడెనిమిది మంది, మంచినీళ్ళు డ్రమ్ముల్లో తెచ్చుకోవాలి, బియ్యం ఉన్నాయి గాని కూర లేదు, చేపల మధ్య ఉండి చేప లేదు. ఒకరికి జ్వరం వస్తే అందరికీ గుండె జారిపోయేది. ఛార్జింగ్ పోతాదని రోజూ ఒక్క నిమిషం మాట్లాడి పెట్టేసేవాడు. ఏప్రిల్ ఆఖర్లో బస్సులు పెట్టి నాలుగు వేల మందికి పైన తెచ్చారు. బస్సులో అంత దూరం కూర్చుని వచ్చి మళ్ళీ క్వారంటైను.

నేను అడిగేది ఒకటే మాస్టారూ. ఇంట్లో ఉండండి అన్నారు. ఇల్లు ఎక్కడుందో ముందు అడగాలి కదా.

ఓరుగల్లు_పోరడు · శనివారం మధ్యాహ్నం 2:50

అన్నా నువ్వు చెప్పింది అక్షరాల నిజం. మా దిక్కు మిర్చి ఏరనీకి ఛత్తీస్‌గఢ్ నుంచి కూలోళ్ళు వస్తరు, ములుగు, ఏటూరునాగారం అటు. 2020 ఏప్రిల్ల పనుల్లేక అడివిల పడి నడ్సుకుంట పోయిన్రు. 12 ఏండ్ల పిల్ల బీజాపూర్ల ఇంటికి ఇంకా కొద్ది దూరం ఉందనంగ సచ్చిపోయింది. కరోనా కాదు, నడిచి నడిచి.

రాష్ట్రం ఏం చెయ్యలేదని అనను. రేషన్ కార్డుకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 ఇచ్చిన్రు. బయటి రాష్ట్రం కూలోళ్ళకు గూడ 12 కిలోలు, 500 రూపాయలు అన్నరు. ఏపీల కార్డుకు వెయ్యి. కేంద్రం మనిషికి నెలకు ఐదు కిలోలు, జనధన్ ఖాతా ఉన్న ఆడోళ్ళకు 500 చొప్పున మూడు నెలలు. గని మార్చి 24 రాత్రి 8 గంటలకు చెప్పి అర్ధరాత్రి నుంచి బంద్ అంటే ఇవన్నీ చేతికి అందేదాక ఎవడుంటడు? మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే పోయింది, మే 1న, జార్ఖండ్ హతియాకు, 1,200 మంది. అది మార్చి 25కు ముందు పోయేదుండె. అప్పటికి కేసులు గూడ ఎక్కువ లేకుండె, మంచిగ ఇంటికి చేరుకుందురు.

లెక్కల_మాస్టారు · శనివారం సాయంత్రం 5:30

ఇక్కడ పెరూ గురించి చెప్పాలి, మా పిల్లలు లాస్టులో పెట్టిన దేశం. అందరూ అనుకునేది వాళ్ళు నిర్లక్ష్యం చేశారని. కాదు. లాటిన్ అమెరికాలో మొదట్లోనే కఠినంగా మూసేసిన దేశాల్లో అదొకటి, మార్చి 16 నుంచి లాక్‌డౌన్, కర్ఫ్యూ, మిలిటరీ. అయినా జనాభా లెక్కన ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మంది అక్కడే పోయారు. కారణాలు చూస్తే మనకి బాగా తెలిసినవే. పనిచేసేవాళ్ళలో పదింట ఏడుగురు రోజుకూలీ, చిన్న వ్యాపారం లాంటి పనుల్లో. ఫ్రిజ్ ఉన్న ఇళ్ళు సగమే, అంటే రోజూ మార్కెట్‌కి పోవాల్సిందే, మిగతావన్నీ మూశారు కాబట్టి జనమంతా ఆ మార్కెట్లలోనే. గవర్నమెంటు సాయం డబ్బు ప్రకటించింది, మంచిదే, చాలామందికి బ్యాంకు అకౌంట్లు లేవు, అందరూ బ్యాంకుల ముందు క్యూలు. సాయం అందుకోడానికే గుంపులు కట్టాల్సి వచ్చింది. తర్వాత ఆక్సిజన్ కొరత, సిలిండర్ కోసం రాత్రంతా లైన్లు.

మూసెయ్యడంలో న్యూజిలాండూ పెరూ ఒకటే. లలిత గారి భర్తకి డబ్బు యజమాని ఖాతా నుంచి నేరుగా వచ్చింది, లిమాలో ఉన్నవాడికి బ్యాంకు ముందు నిలబడితే వచ్చింది. రోజుల లెక్కతో లాక్‌డౌన్‌ని కొలిచే పద్ధతి నేను మా పిల్లలతో మాన్పించేస్తున్నాను. ఇంట్లో ఉండమన్న మర్నాటికి ఆ మనిషి చేతికి ఏం చేరింది, ఎలా చేరింది, ఇది కొలవాలి.

ఆక్లాండ్_లలిత · శనివారం సాయంత్రం 6:10

మాస్టారూ మా దగ్గర బాధ లేదనుకోకండి. బోర్డర్ మూసినప్పుడు టెంపరరీ వీసాల మీదున్నవాళ్ళు బయటుంటే బయటే ఉండిపోయారు. మాకు తెలిసిన ఒకాయన ఇక్కడ, భార్యాబిడ్డలు ఖమ్మంలో, కొడుకు నడక నేర్చుకోవడం వీడియో కాల్లో చూశాడు. 2021 ఏప్రిల్లో ఇండియా నుంచి ఎవరూ రాకూడదని కొన్ని వారాలు ఆపేశారు, సొంత పౌరులని కూడా. ఆస్ట్రేలియా అయితే మేలో ఇండియా నుంచి వస్తే తన పౌరులకి కూడా జరిమానా, ఐదేళ్ళ దాకా జైలు అన్నది. మా క్వారంటైన్ హోటళ్ళలో రూంకి లాటరీ పెట్టారు, అది పౌరుల హక్కుకి విరుద్ధం అని తర్వాత హైకోర్టు చెప్పింది. దేశం లోపల మేము సినిమాలకి వెళ్ళాం, బతుకమ్మ ఆడాం, దాని ఖరీదు బయట ఉండిపోయినవాళ్ళు కట్టారు.

సింగపూర్_జగిత్యాల · శనివారం రాత్రి 9:26

నాది జగిత్యాల, అప్పుడు సింగపూర్ల కన్‌స్ట్రక్షన్ పని, డార్మిటరీల ఉండె. టేబుల్ చూస్తె సింగపూర్ ఫస్ట్ క్లాస్. 2020 మొత్తంల 29 చావులు. గని ఆ ఏడాది ఆఖరుకు డార్మిటరీలల్ల ఉన్న 3 లక్షల 23 వేల మందిల నూటికి 47 మందికి కరోనా అంటింది, గవర్నమెంటే చెప్పింది. మా రూంల పన్నెండు మంది, రెండంతస్తుల మంచాలు, ఫ్లోర్ మొత్తానికి కలిపి బాత్రూంలు. ఏప్రిల్ల ఒక్కసారి గేటుకు తాళం. బయట ఊర్లె కేసులు వేరే లెక్క, మా లెక్క వేరే. టీవీల బయట ఇన్ని, డార్మిటరీ ఇన్ని అని రెండు నంబర్లు చెప్తుండె.

మంచి గూడ చెప్త. జీతం ఆపొద్దని రూల్ పెట్టిన్రు, మూడు పూటల అన్నం ప్యాకెట్లు, వైఫై, డాక్టర్లు వచ్చి సూసిన్రు, మందులు ఫ్రీ. అందుకే మాల అంతమందికి వచ్చినా సచ్చిపోయినోళ్ళు ఇద్దరు ముగ్గురే, వయసు గూడ తక్కువుండె గదా. గల్ఫ్‌ల ఉన్న మా తమ్మునికి అది గూడ దొరకలే, కంపెనీ రెండు నెలలు జీతం ఇయ్యలే, వందే భారత్ ఫ్లైట్ టికెట్ అప్పుతోని కొన్నడు. గని బయటోళ్ళందరు హోటళ్ళల్ల తిన్నంక గూడ మమ్మల్ని పని, రూం, పని, రూం అంతే తిప్పిన్రు, మస్తు నెలలు. సండే లిటిల్ ఇండియా పోయి పప్పు కొనుక్కునేది గూడ లేకుండె.

గుంటూరు_డాక్టర్ · ఆదివారం ఉదయం 8:15

చాలా మంచి చర్చ. నేను సెకండ్ వేవ్‌లో కొవిడ్ డ్యూటీ చేసినవాణ్ణి, ఒక విషయం గట్టిగా చెప్పాలి. మీరంతా చావుల లెక్కతో పోలుస్తున్నారు, ఆ లెక్క ప్రతి దేశమూ ఒకేలా వెయ్యలేదు. పెరూనే తీసుకోండి. 2021 మే 31న వాళ్ళంతట వాళ్ళే ఒక కమిటీ వేసుకుని 69 వేలు అని చెప్పిన లెక్కని 1 లక్షా 80 వేలకి మార్చుకున్నారు. నిజం ఒప్పుకున్నందుకు పట్టికలో అట్టడుగుకి పోయారు. అలా మార్చుకోని దేశాలు మధ్యలో హాయిగా ఉన్నాయి.

మన సంగతి చూద్దాం. అధికారికంగా 5 లక్షల 30 వేల పైచిలుకు. డబ్ల్యూహెచ్ఓ 2022 మే 5న 2020, 2021 రెండేళ్ళకి ఇండియాలో అదనపు మరణాలు 47 లక్షలు అంది, మన గవర్నమెంటు ఆ మోడల్ తప్పు అంది. ఆ మోడల్ మీద అభ్యంతరాలు ఉండొచ్చు, సరే, పక్కన పెడదాం. మన సొంత జనన మరణ రిజిస్ట్రేషన్ లెక్కే చూడండి, 2025 మేలో బయటికొచ్చింది. 2019లో నమోదైన మరణాలు 76 లక్షలు, 2020లో 81 లక్షలు, 2021లో 1 కోటి 2 లక్షలు. ఒక్క ఏడాదిలో 21 లక్షలు పెరిగాయి. నమోదు మెరుగవ్వడం వల్ల కొంత పెరిగిందనుకున్నా, 2021 కొవిడ్ మరణాలుగా చూపించింది మూడు లక్షల చిల్లరే. 2022 జనవరిలో సుప్రీంకోర్టుకి వచ్చిన లెక్కల్లో తెలంగాణ అధికారిక మరణాలు 3,993, చనిపోయినవాళ్ళ కుటుంబాలకిచ్చే యాభై వేల రూపాయల సాయం కోసం వచ్చిన దరఖాస్తులు 29 వేల దాకా.

ఇది ఎవరో కావాలని దాచారనే కాదు. మన దేశంలో నమోదయ్యే మరణాల్లో నూటికి ఇరవై చిల్లర మాత్రమే డాక్టరు కారణం రాసి ధృవీకరించేవి. మిగతావాళ్ళు ఇంట్లో పోతారు, పంచాయతీ రిజిస్టర్లో పేరు ఎక్కుతుంది, ఎందుకు పోయారో ఉండదు. మా వార్డులో కూడా ఆర్టీపీసీఆర్ రిపోర్ట్ రాకముందే పోయినవాళ్ళు, సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తులు తెల్లగా కనపడుతున్నా కేస్ షీట్ మీద న్యుమోనియా. ఆ మే నెలలో డ్యూటీ మారేటప్పుడు మేము అప్పగించుకున్నది పేషెంట్ల పేర్లు కాదు, ఏ బెడ్ దగ్గర సిలిండర్ ఎంతసేపు వస్తుంది అనేది.

కొండారెడ్డి_బురుజు · ఆదివారం ఉదయం 10:44

డాక్టరు సారు ఆక్సిజన్ అన్నాక నేను ఊరుకోలేను. మాది కర్నూలు. 2021 మేలో మా చిన్నాయన్ని హైదరాబాదుకు తీసుకపోతాంటే పుల్లూరు టోల్‌గేటు కాడ అంబులెన్సులు ఆపేసినారు. బెడ్డు ఉన్నట్టు ఆస్పత్రి లెటర్ చూపియ్యాల, పాసు చూపియ్యాల అని. ఎండలో లైనుగా నిలబడిన అంబులెన్సులు, లోపల సిలిండర్ అయిపోతాంది. 14వ తేదీ తెలంగాణ హైకోర్టు స్టే ఇచ్చినాక వదిలినారు. అప్పటికి ఏడేండ్ల కింద దాకా ఒకే రాష్ట్రం అప్పా మనది! 2020 మార్చిలో ఇటలీలోని బెర్గామోలో పేషెంట్లకు బెడ్లు లేకపోతే జర్మనీ వాళ్ళు విమానంలో లైప్‌జిగ్‌కు తీసకపోయి చూసినారంట, వేరే దేశం వేరే భాష. దేశాలను పోల్చేటప్పుడు ఇది కూడా పోల్చండి సారూ, పక్కోడికి తలుపు తీసినారా వేసినారా.

సియోల్_వాసు · ఆదివారం మధ్యాహ్నం 12:30

తలుపు సంగతే అయితే వాక్సిన్ కూడా చెప్పాలి. కెనడా లాంటి డబ్బున్న దేశాలు జనాభాకి కొన్ని రెట్లు డోసులు బుక్ చేసుకున్నాయి. మన దగ్గర హైదరాబాద్‌లో కొవాక్సిన్, పుణెలో కొవిషీల్డ్ తయారయ్యాయి, సెకండ్ వేవ్ రాగానే ఎగుమతి ఆగిపోయింది, దాని మీదే ఆధారపడ్డ కొవాక్స్ (పేద దేశాలకి వాక్సిన్ పంచే అంతర్జాతీయ పథకం) ద్వారా ఆఫ్రికా దేశాలకి వెళ్ళాల్సినవి వెళ్ళలేదు. భూటాన్ మాత్రం అంతకు ముందే మనమిచ్చిన డోసులతో 2021 మార్చి 27న మొదలుపెట్టి రెండు వారాల చిల్లరలో పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా వేసేసింది. చిన్న దేశమే కానీ కొండల్లో కాలినడకన పెట్టెలు మోసి చేశారు.

ఓరుగల్లు_పోరడు · ఆదివారం మధ్యాహ్నం 1:05

వాసన్నా, వియత్నాం గొప్పదన్నవు. 2021ల ఏమైందో గూడ చెప్పాలె గదా. డెల్టా వచ్చినంక హో చి మిన్ సిటీల ఎక్కడోళ్ళు అక్కడనే ఉండాలె అన్నరు, సైన్యం ఇంటింటికి బియ్యం పంచింది. అక్టోబర్ల తెరవంగనే ఫ్యాక్టరీ కూలోళ్ళు వేల మంది మోటర్ సైకిళ్ళ మీద పిల్లల్ని కట్టుకొని ఊర్లకు పోయిన్రు. ఆ ఏడాది ఆఖరుకు 32 వేల చావులు. 35కు 32 వేలకు మధ్యల అదే దేశం, అదే ప్రభుత్వం. మరి ఏ ఏడాది లెక్క తీసుకుందం?

సియోల్_వాసు · ఆదివారం మధ్యాహ్నం 1:40

కరెక్టే తమ్ముడూ, అందుకే రెండు భాగాలుగా చూడాలంటా. వాక్సిన్ వచ్చేలోపు ఎంతమందిని కాపాడారు, ఆ కొన్న టైంలో వాక్సిన్ ఎంతమందికి వేశారు. వియత్నాం మొదటిది చేసి రెండోదానికి ఆలస్యం అయ్యింది. చైనా కూడా అంతే. 2022 వసంతంలో షాంఘైని రెండు నెలలు మూసింది, జనం కూరగాయలకి అల్లాడారు, ఆ డిసెంబర్లో ఒక్కసారిగా అన్నీ ఎత్తేసింది, అప్పటికీ 80 దాటినవాళ్ళలో చాలామందికి బూస్టర్ పడలేదు.

లెక్కల_మాస్టారు · ఆదివారం సాయంత్రం 6:22

మా పిల్లలకి ఇవన్నీ చదివి వినిపించాను. ర్యాంకుల టేబుల్ తీసేశాం. ఐదు దేశాలే తీసుకుంటున్నాం: న్యూజిలాండ్, కొరియా, స్వీడన్, పెరూ, ఇండియా. ఒక్కోదానికి నాలుగు ప్రశ్నలు. ముందు మహమ్మారి నుంచి చట్టంలో ఏం మార్చుకున్నారు, ఇంట్లో ఉండమన్న మనిషికి ఎన్ని రోజుల్లో ఏం చేరింది, బళ్ళు ఎన్ని నెలలు మూశారు, చావుల లెక్కకీ అదనపు మరణాలకీ తేడా ఎంత. సింగపూర్ తమ్ముడు చెప్పింది చదివాక ఇంకోటి చేర్చాం, లెక్కలో రెండో వరసలో పెట్టినవాళ్ళు ఎవరు.

డాక్టరు గారూ, మీరు చెప్పిన పంచాయతీ రిజిస్టర్ మా పిల్లలు చూడొచ్చా? దేశాల సంగతి అలా ఉంచి మా మండలంలోనే 2019, 2020, 2021 పోల్చి చూద్దామని ఒక అమ్మాయి అడిగింది.

గుంటూరు_డాక్టర్ · ఆదివారం రాత్రి 8:03

చూడొచ్చు మాస్టారూ, కానీ పద్ధతిగా అడగండి. కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపాల్ సంతకంతో పంచాయతీ సెక్రటరీకి రాయండి. పేర్లు అడగొద్దు, నెలవారీ మరణాల సంఖ్య, వయసు గ్రూపు, ఆడ మగ, ఇంతే అడగండి. 2018 కూడా తీసుకోండి, ఒక్క ఏడాది ఆధారంగా పెట్టుకుంటే తేడా తెలియదు. 2021 మే, జూన్ విడిగా చూడండి. ఇంకోటి, కొంతమంది చనిపోయిన నెలలో కాకుండా తర్వాత నమోదు చేయించుకుంటారు, కాబట్టి నమోదు తేదీ కాదు, మరణించిన తేదీ ప్రకారం లెక్కెయ్యమని పిల్లలకి చెప్పండి.

సిక్కోలు_కెరటం · ఆదివారం రాత్రి 8:40

మాస్టారూ, మా ఊరు కూడా కావాలంటే చెప్పండి. మా సచివాలయంలో చేసే అబ్బాయి నాకు తెలుసు, లెటర్ పంపితే నేనే తీసుకెళ్ళి ఇస్తాను. వలస పోయి బయట చనిపోయినోళ్ళు మాత్రం ఇక్కడ రిజిస్టర్లో ఉండరు, అక్కడ రాసుంటారు, అసలు రాస్తేనే. మా ఊళ్ళో అలాంటోళ్ళు ఎవరో ఇంటింటికీ అడిగితేనే తెలుస్తాది, అది నేను అడిగి పెడతాను.

లెక్కల_మాస్టారు · ఆదివారం రాత్రి 9:15

తప్పకుండా తమ్ముడూ, రేపు ప్రిన్సిపాల్ గారితో సంతకం పెట్టించి రెండు లెటర్లు చేయిస్తాను, ఒకటి మా మండలానికి, ఒకటి మీ ఊరికి. ఆ అమ్మాయి ఫారంలో ఇప్పుడే ఒక కాలమ్ పెంచింది, "ఎక్కడ మరణించారు" అని.